ట్రైపాడ్ లేకుండా 4×5 పోర్ట్రెయిట్: ఏ కెమెరా కొనాలి?

ఫిల్మ్ కెమెరాల గురించి మనం చెప్పుకుంటున్న మాటల్లో ఇవాళ కొంచెం బరువైన విషయం. బరువంటే నిజంగానే బరువు, రెండున్నర కిలోలు.

మొన్నామధ్య విజయవాడ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ట్రైపాడ్ లేకుండా చేత్తో పట్టుకుని 4×5 ఫిల్మ్ మీద మనుషుల ఫోటోలు తీద్దామనుకుంటున్నా. ఏ కెమెరా కొనమంటావు?" అని. ఒక్క ముక్కలో ఏదో పేరు చెప్పేసి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఇదే ప్రశ్నకి ఒకప్పుడు నాకు నేనే తప్పు జవాబు చెప్పుకున్నాను. దానివల్ల ఎనిమిది షీట్ల ఫిల్మ్ పోయింది, ఒక పెద్దావిడ పొద్దున్న పనంతా పాడైంది. అందుకని ఫోన్‌లో కాకుండా ఇక్కడ తీరిగ్గా చెబుతానన్నాను. ఆ అబ్బాయితో పాటు మీరూ వినండి.

ముందు 4×5 అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇది రీలు ఫిల్మ్ కాదు. 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడుగు ఉండే విడి షీటు. మన పోస్టుకార్డు గుర్తుందా? విస్తీర్ణంలో ఇంచుమించు అంత. మామూలు 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేముతో పోలిస్తే దాదాపు 13 రెట్లు పెద్దది. ఒక్కో షీటునీ చీకట్లో హోల్డర్‌లోకి ఎక్కించాలి. హోల్డర్‌కి రెండు వైపులా కలిపి రెండే షీట్లు. అంటే పది ఫోటోలు తీయాలంటే సంచిలో ఐదు హోల్డర్లు ఉండాలి.

ఇంత తిప్పలు ఎందుకండీ అంటే, మనిషి చర్మం, కళ్ళు, జుట్టు ఆ సైజులో పడ్డప్పుడు వచ్చే నునుపు వేరు. ముఖం స్పష్టంగా ఉండి వెనకదంతా మెత్తగా కరిగిపోయే తీరు వేరు. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మీరు వేసుకునే ప్రింటు 12×16 అంగుళాలు దాటదంటే, 120 రోల్ ఫిల్మ్ వాడే 6×7 కెమెరా మీకు చాలు. చేతిలో హాయిగా ఒదుగుతుంది, రోలుకి పది ఫోటోలొస్తాయి. ఆ మాట విన్నాక కూడా "కాదు, నాకు 4×5యే కావాలి" అన్నవాళ్ళకే మిగతా ఎపిసోడ్.

లార్జ్ ఫార్మాట్ అనగానే మనకి గుర్తొచ్చేది పాత స్టూడియో. కాళ్ళ మీద నిలబెట్టిన పెద్ద చెక్క కెమెరా, కొలిమి తిత్తిలాంటి బెల్లోస్, నల్లగుడ్డలో దూరిన ఫోటోగ్రాఫరు. ఆ నల్లగుడ్డ కింద ఏం జరుగుతుందంటే, కెమెరా వెనక గరుకు అద్దం ఉంటుంది, గ్రౌండ్ గ్లాస్ అంటాం. దాని మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. దాన్ని చూసి ఫోకస్ కుదురుస్తారు. తర్వాత షట్టర్ మూసి, ఫిల్మ్ హోల్డర్ దూర్చి, దాని రేకు లాగి, అప్పుడు ఫోటో తీస్తారు.

కీలకం ఇక్కడే ఉంది. హోల్డర్ దూర్చాక గ్రౌండ్ గ్లాస్ కనబడదు. ఫోకస్ చేసిన క్షణం ఒకటి, ఫోటో తీసే క్షణం ఇంకొకటి. మధ్యలో పదిహేను ఇరవై సెకన్లు గడుస్తాయి. కెమెరా కాళ్ళ మీద, మనిషి కుర్చీలో కదలకుండా ఉంటే ఫరవాలేదు. కెమెరా మీ చేతిలో ఉంటే మాత్రం ఆ ఇరవై సెకన్లలో మీరూ ఊగుతారు, ఎదుటి మనిషీ ఊగుతాడు.

ఎంత ఊగితే ప్రమాదం? లెక్క చెబుతాను, ఇది చాలామంది వేసుకోరు. 4×5కి మామూలు లెన్స్ 150 మి.మీ. మనిషికి మీటరున్నర దూరంలో నిలబడితే నడుం నుంచి తల దాకా ఫ్రేములో వస్తుంది. లెన్స్‌ని ఎఫ్ 5.6 దగ్గర వాడితే స్పష్టంగా ఉండే లోతు మొత్తం 10 సెంటీమీటర్లు. అంటే కంటికి ముందు ఐదు, వెనక ఐదు. ఎఫ్ 8 దగ్గర 14, ఎఫ్ 11 దగ్గర 20 సెంటీమీటర్లు. తల ఒక్కటే ఫ్రేము నిండేలా ఇంకా దగ్గరికి వెళ్తే ఇది కూడా ఉండదు. మీరు నిటారుగా నిలబడి ఊపిరి తీసి వదలండి, మీ తల రెండు మూడు సెంటీమీటర్లు తేలిగ్గా కదులుతుంది. ఎదుటి మనిషి కూడా అంతే కదిలితే మీకున్న ఐదు సెంటీమీటర్లూ ఖర్చయిపోయినట్టే.

"మరి పాతకాలం పత్రికా ఫోటోగ్రాఫర్లు ఇవే కెమెరాలు చేత్తో పట్టుకుని తీయలేదా?" అని మీరు అడగొచ్చు. తీశారు. అమెరికాలో గ్రాఫ్లెక్స్ కంపెనీ స్పీడ్ గ్రాఫిక్ 1912లో మొదలైంది. కొన్ని దశాబ్దాల పాటు అక్కడ పత్రికలవాళ్ళ చేతిలో కనబడింది అదే. 1945లో ఇవో జిమా కొండ మీద సైనికులు జెండా ఎత్తుతున్న ఫోటోని జో రోసెంతాల్ తీసింది స్పీడ్ గ్రాఫిక్‌తోనే. న్యూయార్క్ రాత్రుల్ని తీసిన వీజీ చేతిలోనూ అదే.

కానీ వీజీ పద్ధతి ఏమిటో చూడండి. ఎఫ్ 16, సెకనులో 200వ వంతు, పది అడుగుల దూరం. ముందే పెట్టేసుకుని ఫ్లాష్ బల్బు వెలిగించేవాడు. ఎఫ్ 16 దగ్గర పది అడుగుల దూరంలో లోతు మీటరున్నర దాకా వస్తుంది. అందులో మనిషి ముందుకు అడుగేసినా ఫోటో చెడదు. మనం కోరేది సరిగ్గా దానికి ఎదురు. ఫ్లాష్ వద్దు, వసారా వెలుగు కావాలి, వెనక మెత్తగా ఉండాలి, ఎఫ్ 5.6 కావాలి. వాళ్ళకి మీటరున్నర ఉంటే మనకి పది సెంటీమీటర్లు. అదే కెమెరా, కానీ పని వేరు. వాళ్ళు చేత్తో తీశారు కాబట్టి మనకీ వచ్చేస్తుందనుకుంటే దెబ్బ తింటాం. నేను తిన్నాను.

అది కూడా చెబుతాను. వేటపాలెం వైపు నేతపని వాళ్ళ ఫోటోలు తీయాలని నాకు చాన్నాళ్ళ కోరిక. ఒక స్పీడ్ గ్రాఫిక్ కొన్నాను. అమ్మినాయన "పాత లెన్స్ బాగాలేదు, దానికి మంచి 150 తగిలించి ఇస్తున్నా" అన్నాడు. సంతోషించాను. ఇంటికి తెచ్చి డాబా మీద నుంచి దూరంగా ఉన్న సెల్ టవర్ మీద ఫోకస్ చేసి చూశాను. గ్రౌండ్ గ్లాస్ మీదా, రేంజ్‌ఫైండర్‌లోనూ చక్కగా కుదిరింది. ఇంకేముంది, హోల్డర్లు నింపుకుని బయల్దేరాను.

అక్కడ ఒక మామ్మగారు వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నారు. ఫోటో తీసుకుంటానంటే ముందు నవ్వి వద్దన్నారు. తర్వాత లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చి కూర్చున్నారు. "ఇంత పెద్ద పెట్టె తెచ్చావు, మంచి ఫోటో ఇవ్వాలి నాయనా, ఇంట్లో పెట్టుకుంటాను" అన్నారు. పని ఆపేసి దాదాపు రెండు గంటలు నా కోసం కూర్చున్నారు. ఎనిమిది షీట్లు తీశాను.

ఇంటికొచ్చి డెవలప్ చేసి చూస్తే ఎనిమిదికి ఎనిమిదీ పోయాయి. ముఖం మెత్తగా మసకగా ఉంది. ఆవిడ వెనక గోడకి వేలాడుతున్న కేలండరు మాత్రం అద్భుతంగా ఉంది. తిథి, నక్షత్రం, వర్జ్యం అన్నీ చదువుకోవచ్చు.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇవాళ్టి ఎపిసోడ్‌లో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

రేంజ్‌ఫైండర్ అంటే చిన్న కిటికీలోంచి చూస్తే రెండు బొమ్మలు కనబడతాయి. ఫోకస్ చక్రం తిప్పుతుంటే అవి దగ్గరికి జరిగి ఒకటవుతాయి. ఒకటైన చోట ఫోకస్ కుదిరినట్టు. గ్రౌండ్ గ్లాస్ చూడక్కర్లేదు, ఫిల్మ్ లోపల ఉండగానే ఫోకస్ చేయొచ్చు. చేత్తో తీయడానికి ఆయువుపట్టు అదే. కానీ రేంజ్‌ఫైండర్‌కి లెన్స్ కనబడదు. లెన్స్ ఎంత ముందుకి జరిగిందో మాత్రమే దానికి తెలుసు. ఆ జరిగిన కొలతని దూరంగా మార్చి చెబుతుంది. ఏ లెన్స్ కోసం సర్దారో ఆ లెన్స్‌కే ఆ లెక్క సరిపోతుంది.

నా కెమెరా 127 మి.మీ. లెన్స్‌కి సర్దింది. మీటరున్నర దూరానికి 127 లెన్స్ దాదాపు 12 మిల్లీమీటర్లు ముందుకి జరగాలి. 150 లెన్స్ అయితే దాదాపు 17 మిల్లీమీటర్లు జరగాలి. నా రేంజ్‌ఫైండర్ 12 దగ్గరే "కుదిరింది" అని చెప్పేది. 150 లెన్స్ 12 మిల్లీమీటర్ల దగ్గర ఎక్కడ ఫోకస్ అవుతుంది? రెండు మీటర్ల అవతల. అంటే మామ్మగారి వెనక అర మీటరు. అంటే గోడ. అంటే కేలండరు. దూరంగా ఉన్న టవర్ దగ్గర రెండూ సరిపోయాయి కాబట్టి నాకు అనుమానం రాలేదు. దూరంలో కుదిరినంత మాత్రాన దగ్గర కుదిరినట్టు కాదండీ.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. కెమెరా ఎంచుకునేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే. ఫోకస్ కుదిరిన క్షణానికీ షట్టర్ నొక్కే క్షణానికీ మధ్య ఈ కెమెరా నాతో ఎన్ని పనులు చేయిస్తుంది? ఎన్ని తక్కువైతే అంత మంచిది. ఆ లెక్కన మార్కెట్లో దొరికేవాటిని ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి రకం, రేంజ్‌ఫైండర్ లేని ఫీల్డ్ కెమెరాలు. ఇంట్రెపిడ్ లాంటి తేలికైన కొత్తవి, టోయో 45ఏ లాంటి గట్టి పాతవి. ఇంట్రెపిడ్ కిలో పైచిలుకే ఉంటుంది. తేలిక కదా అని చాలామంది చేత్తో తీయడానికి కొంటారు. తేలికే, కానీ ఫోకస్ చూసుకునే దారి గ్రౌండ్ గ్లాస్ ఒక్కటే. ట్రైపాడ్ మీద బంగారంలాంటి కెమెరాలు. మన పనికి కావు.

రెండోది, 90 మి.మీ. లెన్స్ బిగించి, దూరం అంచనా వేసుకుని తీసే పెట్టె కెమెరాలు. చేత్తో పట్టుకోవడానికే చేశారు, నిజమే. కానీ 4×5లో 90 అంటే 35 మి.మీ. కెమెరా లెక్కలో ఇంచుమించు 27. వీధులకి, ఇళ్ళకి బాగుంటుంది. దానితో మనిషి ముఖం దగ్గరికి వెళ్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. ఎవరూ ఇంట్లో పెట్టుకోరు.

మూడోది, ప్రెస్ కెమెరాలు. స్పీడ్ గ్రాఫిక్, దాని తమ్ముడు క్రౌన్ గ్రాఫిక్. క్రౌన్ 1947లో వచ్చింది. రెండింటికీ తేడా ఏమిటంటే, స్పీడ్‌కి లెన్స్‌లో ఉండే షట్టర్‌తో పాటు ఫిల్మ్ ముందు గుడ్డ షట్టర్ ఒకటి అదనంగా ఉంటుంది. సెకనులో 1000వ వంతు దాకా వెళ్తుంది. క్రౌన్‌కి అది లేదు, కాబట్టి పల్చగా, తేలిగ్గా ఉంటుంది. లెన్స్‌తో కలిపి రెండున్నర కిలోల చుట్టూ.

గుడ్డ షట్టర్ ఎప్పుడు కావాలంటే, సొంత షట్టర్ లేని పాత లెన్సులు వాడేటప్పుడు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల నుంచి ఫోటోలు తీయడానికి కొడాక్ చేసిన ఏరో ఎక్టార్ అందుకు ఉదాహరణ. 178 మి.మీ., ఎఫ్ 2.5. అమెరికన్ ఫోటోజర్నలిస్టు డేవిడ్ బర్నెట్ ఈ లెన్స్‌ని స్పీడ్ గ్రాఫిక్‌కి తగిలించి తీసిన ఫోటోలు చూసి చాలామంది మోజుపడ్డారు. నేనూ పడ్డాను. కానీ మీటరున్నర దూరంలో ఎఫ్ 2.5 దగ్గర లోతు 3 సెంటీమీటర్లే. కన్ను స్పష్టం, చెవి మసక. పైగా అది బండరాయిలాంటి లెన్స్, దాని గాజులో థోరియం ఉంటుంది, కొద్దిగా రేడియోధార్మికం కూడా. మొదటి కెమెరాకి మాత్రం వద్దు. ఆ మోజు లేదంటే స్పీడ్ కన్నా క్రౌన్ మేలు.

ఈ గ్రాఫిక్ కెమెరాల్లో చూసుకోవాల్సింది రేంజ్‌ఫైండర్ ఎక్కడుందని. పాతవాటిలో పక్కన బిగించి ఉంటుంది, కలార్ట్ అంటారు. 1955 తర్వాత వచ్చినవాటిలో పైన ఉంటుంది. పక్కన ఉన్నదానిలో ఫోకస్ చేసి, తల ఎత్తి, పైన వ్యూఫైండర్ గొట్టంలోంచి ఫ్రేము చూసుకోవాలి. తల ఎత్తినప్పుడే మీరు కదిలిపోతారు. పైన ఉన్నదానిలో రెండు కిటికీలూ దగ్గర దగ్గరగా ఉంటాయి, కన్ను ఎక్కువ ప్రయాణం చేయదు. ఇంకో సంగతి, పై రేంజ్‌ఫైండర్‌కి లోపల క్యామ్ అని చిన్న లోహపు ముక్క ఉంటుంది. లెన్స్ మారిస్తే ఆ లెన్స్‌కి తగ్గ క్యామ్ వేసుకుంటే చాలు. కలార్ట్ అయితే విప్పి మళ్ళీ సర్దాల్సిందే. నా కొంప ముంచింది అదే.

క్రౌన్‌లో ఒక లోపం ఉంది. వెనక భాగం తిరగదు. పోర్ట్రెయిట్ నిలువుగా కావాలంటే కెమెరా మొత్తాన్ని పక్కకి తిప్పి పట్టుకోవాలి. మొదట్లో చెయ్యి లాగుతుంది, తర్వాత అలవాటవుతుంది. అదే కంపెనీ తర్వాత చేసిన సూపర్ గ్రాఫిక్‌లో వెనక భాగం తిరుగుతుంది. బుష్ ప్రెస్‌మన్ డి మోడల్‌లోనూ తిరుగుతుంది. ఇవి మంచి స్థితిలో దొరికితే వదలకండి.

నాలుగోది, లిన్‌హాఫ్ టెక్నికా. జర్మనీ పనితనం, గట్టి లోహపు శరీరం, తిరిగే వెనక భాగం, ఎడమ చేతికి సరిగ్గా అమరే పిడి. చేత్తో తీసే 4×5ల్లో రాజాలాంటిది. బరువులోనూ రాజే, ధరలోనూ రాజే. దీని రేంజ్‌ఫైండర్ పనిచేయాలంటే మీ చేతిలో ఉన్న ఆ లెన్స్‌కే కోసిన క్యామ్ ఉండాలి. లెన్స్, క్యామ్ ఒకచోట, శరీరం ఇంకోచోట విడివిడిగా కొనకండి. చవగ్గా వచ్చిందని క్యామ్ లేని టెక్నికా కొంటే అది ఖరీదైన ట్రైపాడ్ కెమెరా అవుతుంది, అంతే.

ఐదోది, మార్చిన పోలరాయిడ్‌లు. 1950ల చివర్లో, 60ల మొదట్లో వచ్చిన పోలరాయిడ్ 110ఏ, 110బి కెమెరాలకి ఇప్పుడు వాటి ఫిల్మ్ దొరకదు. వాటి వెనక భాగం కోసేసి 4×5 హోల్డర్ పట్టేలా మార్చి అమ్మేవాళ్ళున్నారు. లెన్స్ 127 మి.మీ. ఎఫ్ 4.7, చక్కటి లెన్స్. 110బిలో ఫోకస్, ఫ్రేము రెండూ ఒకే కిటికీలో కనబడతాయి. మనం వేసుకున్న ప్రశ్న ప్రకారం దీనికే ఎక్కువ మార్కులు. కన్ను తీయకుండా ఫోకస్ చేసి నొక్కేయొచ్చు. మడిస్తే సంచిలో పడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఇది ఫ్యాక్టరీ సరుకు కాదు. మార్చినవాడి చెయ్యి మంచిదైతే కెమెరా మంచిది. వెనక భాగం ఒక్క మిల్లీమీటరు వంకరగా అతికినా ఫోటోలో ఒక పక్క ఎప్పుడూ మసకే. వాడి చూడకుండా కొనొద్దు.

ఆరోది, గ్రాఫ్లెక్స్ ఎస్ఎల్ఆర్‌లు. ఆర్‌బి సూపర్ డి వీటిలో పేరున్నది. పైన తోలు గొట్టంలోకి తొంగిచూస్తే లోపల అద్దం మీంచి అసలు లెన్స్ చూసే బొమ్మే కనబడుతుంది. నొక్కేదాకా కనబడుతూనే ఉంటుంది. రేంజ్‌ఫైండర్ సర్దుబాటు అనే గొడవే లేదు. కింద నుంచి చూస్తాం కాబట్టి నేల మీద, పీట మీద కూర్చున్నవాళ్ళని వాళ్ళ ఎత్తులోనే తీయొచ్చు. పోర్ట్రెయిట్లకే పుట్టినట్టుంటుంది. కానీ పెద్దది, బరువు, గుడ్డ షట్టర్ ముసలిదై ఉంటుంది. కొన్నిటికి మామూలు హోల్డర్లు పట్టవు, వాటి సొంత రకం హోల్డర్లే కావాలి. కొనేముందు ఆ ఒక్క ప్రశ్న తప్పక అడగండి.

ఇక ఏది కొన్నా, మనుషుల దగ్గరికి తీసుకెళ్ళేముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. అరగంట పని. ఆ అరగంట నేను పెట్టి ఉంటే మామ్మగారి రెండు గంటలు మిగిలేవి.

ఐదు అగ్గిపెట్టెలు తీసుకోండి. బల్ల మీద ఒకదాని వెనక ఒకటి, ఐదేసి సెంటీమీటర్ల ఎడంతో, కొంచెం పక్కకి జరుపుతూ మెట్లలా నిలబెట్టండి. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, మధ్య అగ్గిపెట్టె మీటరున్నర దూరంలో ఉండేలా టేపుతో కొలవండి. లెన్స్‌ని పూర్తిగా తెరిచి, రేంజ్‌ఫైండర్‌తో మధ్యదాని మీద ఫోకస్ చేయండి. ఇప్పుడు గ్రౌండ్ గ్లాస్ మీద భూతద్దం పెట్టి ఏ అగ్గిపెట్టె స్పష్టంగా ఉందో చూడండి. మధ్యది కాకపోతే సర్దాలి. మధ్యదే అయితే సంబరపడకుండా ఒక షీటు నిజంగా తీసి డెవలప్ చేసి చూడండి. ఎందుకంటే గ్రౌండ్ గ్లాస్ కూడా తప్పు చెప్పొచ్చు. వెలుగు పెంచడానికి దానితో పాటు పెట్టే ఫ్రెనెల్ పలకని ఎవరైనా మధ్యలో తీసేసినా, తిరగేసి పెట్టినా, గాజు ఒకచోట, ఫిల్మ్ ఒకచోట అవుతాయి. తర్వాత మూడు మీటర్ల దగ్గర కూడా ఇదే పరీక్ష చేయండి.

మిగతా పరీక్షలు మీకు తెలిసినవే. చీకటి గదిలో బెల్లోస్ లోపల టార్చి వెలిగించి, మూలల్లో చుక్కలు కనబడుతున్నాయేమో చూడండి. లెన్స్‌లోంచి టార్చి వేసి ఫంగస్ చూడండి, సముద్రం పక్క ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ. షట్టర్ నిదానపు స్పీడుల దగ్గర ఆగి ఆగి పోతుంటే శుభ్రం చేయించాలి. వెనక గ్రాఫ్లాక్ రకం ఉంటే మంచిది, దానికి రోల్ ఫిల్మ్ వెనక కూడా తగిలించుకోవచ్చు. వీలైతే ఒక గ్రాఫ్మాటిక్ హోల్డర్ సంపాదించండి. దానిలో ఆరు షీట్లు పడతాయి, లాగి తోస్తే తర్వాతది వస్తుంది. చేత్తో తీసేవాడికి మూడో చెయ్యిలాంటిది.

వెలుతురు సంగతి. ఐఎస్ఓ 400 ఫిల్మ్ వాడండి, ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్ లాంటిది. ఆరుబయట నీడలో ఎఫ్ 8, సెకనులో 250వ వంతు దొరుకుతుంది. వసారా లోపలికి వచ్చేసరికి ఎఫ్ 5.6, 125వ వంతు. గదిలోకి వెళ్తే ఎనిమిదో వంతుకి పడిపోతుంది, అప్పుడు చేత్తో పట్టుకునే మాటే మర్చిపోండి. కాబట్టి మనిషిని గుమ్మం దగ్గరికి, అరుగు మీదకి రమ్మనండి. నిలబెట్టకండి, కూర్చోబెట్టండి. వీపు స్తంభానికో గోడకో ఆనితే ఊగడం సగం తగ్గుతుంది. మీరూ అంతే. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి వదిలేసి, అప్పుడు నొక్కండి.

మామ్మగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఫోటో తెచ్చావా అని అడుగుతారని తెలుసు. దారంతా ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూనే వెళ్ళాను. చివరికి జరిగింది జరిగినట్టు చెప్పి, కేలండర్ ఫోటో చూపించాను. ఆవిడ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "కేలండరు బాగా వచ్చిందే" అన్నారు. తర్వాత, "సరే కూర్చుంటాను గానీ, ఈసారి గోడని కాదు, నన్ను తియ్యి" అన్నారు.

ఈసారి రేంజ్‌ఫైండర్ సర్దుకుని వెళ్ళాను. అయినా ఒకసారి మోసపోయినవాడికి నమ్మకం కుదరదు కదా. ఆవిడ దగ్గరే నూలు తీసుకుని కెమెరాకి కట్టి, మీటరున్నర దగ్గర ముడి వేశాను. ముడిని ఆవిడ చెంపకి ఆనించి, దారం బిగుతుగా ఉండేలా నిలబడి, రేంజ్‌ఫైండర్ చూశాను. రెండు బొమ్మలూ ఒకటయ్యాయి. దారం వదిలేసి వెంటనే నొక్కాను. ఇది నేను కనిపెట్టింది కాదు, పాత పద్ధతే. కానీ ఇంతకన్నా చవకైన పరికరం లేదు. ఆరు షీట్లు తీస్తే నాలుగు వచ్చాయి. పోయిన రెండూ నేను ఊగినవి. ఒకటి పెద్దది ప్రింటు వేసి ఇచ్చాను. ఆ కేలండరు తీసేసి ఆ మేకుకే తగిలించారు.

విజయవాడ అబ్బాయికి నా జవాబు ఇదీ. పైన రేంజ్‌ఫైండర్ ఉన్న క్రౌన్ గ్రాఫిక్ చూడు. దానితో పుట్టిన 135 మి.మీ. లెన్సే ఉండాలి, లోపల దాని క్యామ్ ఉండాలి. డబ్బు ఎక్కువుంటే లెన్స్, క్యామ్ జతగా ఉన్న టెక్నికా. మంచి చేతిలో మారిన 110బి వాడి చూసే అవకాశం వస్తే అది. ఏది కొన్నా ముందు అగ్గిపెట్టెలు, తర్వాతే మనుషులు. షీటు పోతే ఇంకో షీటు కొనుక్కోవచ్చండీ. మన కోసం పని మానుకుని కూర్చున్నవాళ్ళ పొద్దుని కొనలేం.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ షీట్లని ఇంట్లో డెవలప్ చేసుకోవడం గురించి చెప్పుకుందాం. ముఖ్యంగా ఎండాకాలంలో మన కుళాయి నీళ్ళు 30 డిగ్రీలు దాటి వస్తుంటే, 20 డిగ్రీలకి రాసిన లెక్కలతో ఏం చేయాలో. అంతవరకూ సెలవు. నమస్కారం.